అమ్మానాన్నలకి చికాగో చూపించాలంటే టాప్ 20 లిస్టు పక్కన పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్పి మొదలుపెడతాను. జూన్ చివర్లో ఇండియానాపొలిస్ నుంచి కారులో వస్తున్నారు. శుక్రవారం ఉదయం చేరి సోమవారం మధ్యాహ్నం వెనక్కి బయల్దేరతారు. నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇరవై చోట్ల లిస్టు పెట్టి, "ఇందులో ఏవి తీసెయ్యమంటారు?" అని అడిగారు.

లిస్టులోంచి ఏవి తీసెయ్యాలా అని ఆలోచించకండి. మీ నాన్నగారికి చికాగో గురించి ముందే ఏం తెలుసో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. నేను చాలా ఏళ్ళుగా ఈ ఊరి శివార్లలో ఉంటున్నాను. మా ఇంటికి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని, బాబాయిల్ని అందర్నీ ఇక్కడ తిప్పాను. ఎత్తైన భవనాలు మొదటి పూట నోరు తెరుచుకుని చూస్తారు. రెండో రోజుకి "అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇంటికి పోదాం పద" అంటారు. అదే, చిన్నప్పటి నుంచీ విన్న సంగతి జరిగిన చోటికి తీసుకెళ్తే ఎంతసేపైనా నిలబడతారు. మన దగ్గర బడికెళ్ళిన ప్రతి మనిషీ చికాగో పేరు రెండు సందర్భాల్లో విని ఉంటారు. ఒకటి వివేకానందుడి ఉపన్యాసం, రెండోది మేడే. మొదటిది జరిగిన చోటు పక్కనుంచే టూరిస్టులందరూ తెలియకుండా నడిచి వెళ్ళిపోతారు. రెండోదాని సమాధుల దగ్గరికి సాధారణ టూరిస్టు బస్సులు పోవు. ముందు ఈ రెండూ ఖాయం చేసుకోండి, మిగతావి వాటి చుట్టూ సర్దుకుందాం.

శుక్రవారం నేరుగా మిషిగన్ అవెన్యూ మీద ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళండి. ఎదురుగా రెండు కంచు సింహాలుంటాయి, అందరూ వాటితో ఫోటోలు దిగుతారు. అవి 1894లో వచ్చాయి కాబట్టి స్వామీజీ చూసి ఉండరు. కానీ వాటి వెనకున్న ఆ రాతి భవనం 1893 నాటిదే. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్ళయిన సందర్భంగా ఆ ఏడాది ఇక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికి అనుబంధంగా పెట్టిన మహాసభల కోసం ముందు ఈ భవనాన్ని వాడుకుని, తర్వాత మ్యూజియంకి ఇచ్చారు. సెప్టెంబర్ 11న సర్వమత మహాసభ మొదలైంది ఇక్కడే. స్వామీజీ మాట్లాడిన 'హాల్ ఆఫ్ కొలంబస్' మాత్రం ఆ సభల కోసం తాత్కాలికంగా కట్టింది, తర్వాత తీసేశారు. నాన్నగారు "ఆ హాలెక్కడ?" అని అడుగుతారు, ముందే చెప్పి ఉంచండి. బయట మిషిగన్ అవెన్యూలో ఈ భాగానికి 1995లో 'స్వామి వివేకానంద వే' అని గౌరవ నామం ఇచ్చారు. గోధుమ రంగు బోర్డు స్తంభం మీద పైన ఉంటుంది, తలెత్తి వెతకాలి.

లోపలికి వెళ్ళే ముందు మెట్ల పక్కన కాసేపు కూర్చుని ఈ కథ చెప్పుకోండి. చికాగో రాకముందు, 1893 ఫిబ్రవరి 13న స్వామీజీ సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తాను పడమటి దేశాలకి ఎందుకు వెళ్ళదలచుకున్నదీ ఇంగ్లీషులో మాట్లాడారు. మే నెలాఖర్న బొంబాయిలో ఓడెక్కి జపాన్ మీదుగా కెనడాలో దిగి, రైల్లో ఇక్కడికి చేరేసరికి జులై అయింది. సభ సెప్టెంబర్‌లోనని, పరిచయ పత్రం లేకపోతే మాట్లాడనివ్వరని ఇక్కడికొచ్చాకే తెలిసింది. చేతిలో డబ్బు కరిగిపోతుంటే, ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్ళారు. అక్కడ హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ హెన్రీ రైట్ ఉత్తరం రాసిచ్చారు. తిరిగి చికాగో చేరాక కమిటీ అడ్రసు కాస్తా పోయింది. ఆ రాత్రి రైల్వే యార్డులో ఖాళీ గూడ్సు పెట్టెలో పడుకున్నారు. మర్నాడు ఇళ్ళ వెంట తిరిగి, అలిసిపోయి డియర్‌బార్న్ అవెన్యూలో రోడ్డు పక్కన కూర్చుంటే, ఎదురింట్లోంచి హేల్ అనే ఆవిడ బయటికి వచ్చి "మీరు సర్వమత సభకి వచ్చారా?" అని అడిగి లోపలికి తీసుకెళ్ళింది. ఉపన్యాసం సంగతి అందరికీ తెలుసు. ఈ గూడ్సు పెట్టె సంగతి చాలామందికి తెలియదు. అది విన్నాక ఆ మెట్లెక్కుతుంటే మీ నాన్నగారి ముఖం చూడండి.

లోపల గ్రాండ్ స్టెయిర్‌కేస్ అని పెద్ద మెట్లుంటాయి. 2010 సెప్టెంబర్ 11న ముంబయి కళాకారుడు జితిష్ కల్లట్ ఈ మెట్ల అంచుల మీద స్వామీజీ ఉపన్యాసం మొత్తాన్ని చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలతో రాశారు. అప్పట్లో అమెరికా ప్రభుత్వం ఉగ్రవాద హెచ్చరికలకి వాడిన అయిదు రంగులే ఆ దీపాలకీ వాడారు. మతోన్మాదం పోవాలని 1893లో అదే తేదీన చెప్పిన మాటలు, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆ రంగుల్లో చదువుకుంటూ జనం మెట్లెక్కారు. చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారికి ఈ ఒక్క ముక్క చాలు, గంట సేపు మాట్లాడతారు.

మ్యూజియం చాలా పెద్దది. మొత్తం చూద్దామనుకుంటే అమ్మగారి మోకాళ్ళు గంటలో మొరాయిస్తాయి. కోటు పెట్టుకునే కౌంటర్ దగ్గర వీల్‌చైర్ అడగండి. మన పెద్దవాళ్ళు "నాకెందుకు, నేను నడవగలను" అంటారు, అయినా తీసుకోండి. ఆ వీల్‌చైర్ వల్లే ఆవిడ సాయంత్రం పార్కులో నడవగలుగుతారు. ముందు భారతీయ శిల్పాలున్న గ్యాలరీకి వెళ్ళండి. నాగపట్నం నుంచి వచ్చిన పన్నెండో శతాబ్దపు గ్రానైట్ బుద్ధుడు ధ్యానముద్రలో ఉంటాడు. తర్వాత జార్జ్ సూరా గీసిన నదీతీరపు ఆదివారం బొమ్మ. గోడంత ఉంటుంది. వీల్‌చైర్‌ని ముందు దగ్గరగా తీసుకెళ్ళి రంగు చుక్కలు చూపించండి, పచ్చగడ్డిలో నారింజ చుక్కలు, నీడలో నీలం చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. తర్వాత నెమ్మదిగా వెనక్కి లాగండి, ఎక్కడో ఒక అడుగు దగ్గర చుక్కలన్నీ మాయమై ఎండా నీడా అవుతాయి. బొమ్మల గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా ఇది చూసి "మళ్ళీ ముందుకి తీసుకెళ్ళు" అనడం నేను విన్నాను. ఎడ్వర్డ్ హాపర్ గీసిన రాత్రి హోటలు బొమ్మ, గ్రాంట్ వుడ్ గీసిన మూడు మొనల పంగలకర్ర పట్టుకున్న రైతు బొమ్మ దారిలోనే చూసుకోవచ్చు.

అమ్మగారి కోసం కింది అంతస్తులో థోర్న్ మినియేచర్ రూమ్స్ తప్పక చూపించండి. అడుగుకి అంగుళం లెక్కన చేసిన 68 చిన్న గదులవి. యూరప్, అమెరికా ఇళ్ళల్లో ఒక్కో కాలపు గదిని కుర్చీలు, తివాచీలు, కొవ్వొత్తులు, పుస్తకాలతో సహా గాజు వెనక అమర్చారు. మన బొమ్మల కొలువు పెట్టిన చేతులకి ఆ పనితనం వెంటనే తెలుస్తుంది. చివర్లో షగాల్ చేసిన నీలి గాజు కిటికీల దగ్గర కూర్చోండి, అక్కడితో మ్యూజియం చాలు.

సాయంత్రం ఎదురుగానే మిలేనియం పార్క్. 'బీన్' అని పిలిచే క్లౌడ్ గేట్ ముందు ఎలాగూ ఫోటోలు దిగుతారు, దాన్ని ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ చేశారని చెప్పండి. 168 స్టీలు రేకుల్ని అతికి, అతుకు కనపడకుండా నునుపు చేసిన 110 టన్నుల పని అది. ముందు నిలబడి వచ్చెయ్యకండి, కమాను కిందికి వెళ్ళి పైకి చూడండి. మీ ముగ్గురూ పది రకాలుగా సాగి కనిపిస్తారు. వేసవిలో శుక్రవారాలు సాయంత్రం పక్కనే ఉన్న ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా కచేరీలుంటాయి. పచ్చిక మీద కూర్చుంటే టికెట్ లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తినొచ్చు. దుప్పటి, మడత కుర్చీ, పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెచ్చుకుంటే ఆ రాత్రి భోజనం అక్కడే అయిపోతుంది. సరస్సు గాలి జూన్‌లో కూడా చల్లగానే ఉంటుంది, అమ్మగారికి స్వెటర్ తప్పనిసరి.

పార్కు ఎదురుగా రోడ్డు దాటితే చికాగో కల్చరల్ సెంటర్. ప్రవేశం ఉచితం, లోపల శుభ్రమైన బాత్రూములుంటాయి. డౌన్‌టౌన్‌లో పెద్దవాళ్ళతో తిరిగేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. 1897లో ఊరి లైబ్రరీగా కట్టారు. పై అంతస్తులో 38 అడుగుల వెడల్పున్న టిఫనీ గాజు గుమ్మటం ఉంది, లిఫ్టులో వెళ్ళొచ్చు. నాన్నగారికి చెప్పాల్సింది ఆ లైబ్రరీ పుట్టుక గురించి. 1871 అగ్నిప్రమాదంలో ఊరు కాలిపోయాక ఇంగ్లండ్ నుంచి ఎనిమిది వేల దాకా పుస్తకాలు విరాళంగా వచ్చాయి. వాటిని పెట్టడానికి చోటు లేక ఒక పాత ఇనుప నీళ్ళ ట్యాంకులో లైబ్రరీ తెరిచారు. ఆ ట్యాంకులోంచి ఇంత భవనంలోకి పాతికేళ్ళలో వచ్చారు.

ఆ అగ్నిప్రమాదం తెలియకపోతే శనివారం పడవ ప్రయాణం అర్థం కాదు. అక్టోబర్ 8న మొదలై రెండు రోజులు తగలబడింది. దాదాపు మూడు వందల మంది చనిపోయారు, లక్ష మంది, అంటే ఊళ్ళో మూడో వంతు జనం, ఇళ్ళు పోగొట్టుకున్నారు. ఓలియరీ అనే ఆవిడ ఆవు లాంతరు తన్నడం వల్లే అని అప్పట్లో ప్రచారం చేశారు. ఆవిడ తప్పు లేదని నగర కౌన్సిల్ 1997లో తీర్మానం చేసింది. కాలిన చోట కొత్తగా కట్టాల్సి రావడం, భూమి ధర పెరగడం, లిఫ్టు, ఉక్కు అందుబాటులోకి రావడం, అన్నీ ఒకే కాలంలో కలిశాయి. 1885లో ఇక్కడ కట్టిన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌లో బరువుని గోడల బదులు లోహపు చట్రం మోసింది. అందుకే చాలామంది దాన్నే తొలి ఆకాశహర్మ్యం అంటారు. ఆ భవనం ఇప్పుడు లేదు, 1931లో కూల్చేశారు.

పడవలు చాలా కంపెనీలవి ఉన్నాయి. చికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ళది తీసుకోండి, గంటన్నర. శిక్షణ తీసుకున్న వలంటీర్లు చెప్తారు, జోకుల కన్నా విషయం ఎక్కువ. శనివారం మొదటి ట్రిప్పుల్లో ఒకటి ముందే బుక్ చేసుకోండి, మధ్యాహ్నం పై డెక్కు మీద ఎండ మాడ్చేస్తుంది. పడవలెక్కే నది ఒడ్డు దారికి, అంటే రివర్‌వాక్‌కి, దిగడానికి చాలాచోట్ల మెట్లే ఉంటాయి, ర్యాంపు ఎటువైపో బుకింగ్ అప్పుడే అడిగి పెట్టుకోండి. వాళ్ళ ఇంగ్లీషు వేగంగా ఉంటుంది, పెద్దవాళ్ళకి సగం అందదు. అందుకని ముందు రోజు రాత్రే మీరు నాలుగు ముక్కలు తెలుగులో చెప్పి ఉంచితే వాళ్ళే గుర్తుపడతారు.

మొదట చెప్పాల్సింది నది గురించే. ఈ నది ఒకప్పుడు మిషిగన్ సరస్సులోకి పారేది. ఊరి మురుగంతా నదిలోకి, నదిలోంచి సరస్సులోకి, ఆ సరస్సు నీళ్ళే మళ్ళీ కుళాయిల్లోకి. టైఫాయిడ్ ప్రాణాలు తీసేది. దాంతో 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900లో నది దిశనే తిప్పేశారు. అప్పట్నుంచి సరస్సు నీళ్ళు నదిలోకి వచ్చి, కాలువ మీదుగా మిసిసిపీ వైపు పోతున్నాయి. కింది ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు, మిస్సోరి రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. నదీజలాల తగాదాలు చూసిన మన వాళ్ళకి ఈ కథ ఒక్కసారి చెబితే చాలు, వివరం అక్కర్లేదు.

ఇంకొకటి ఫజ్లుర్ రహమాన్ ఖాన్ గురించి. ఢాకాలో పుట్టి 1952లో ఇల్లినాయ్‌కి చదువుకోవడానికి వచ్చిన ఇంజనీరు. సియర్స్ టవర్‌ని, ఇప్పుడు విల్లిస్ టవర్ అంటున్నారు, నిలబెట్టిన లెక్క ఆయనది. 1,451 అడుగులు, 1998 దాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తు. పడవలోంచి చూస్తే ఆ లెక్క కంటికి కనిపిస్తుంది. తొమ్మిది చదరపు గొట్టాల్ని కట్టగా కట్టి నిలబెట్టినట్టుంటుంది. రెండు గొట్టాలు 50వ అంతస్తులో, రెండు 66లో, మూడు 90లో ఆగిపోతాయి, చివరి రెండే పైదాకా వెళ్తాయి. గాలి తాకిడిని తొమ్మిదీ కలిసి తట్టుకుంటాయి కాబట్టి లోపల స్తంభాల అడవి అక్కర్లేదు, ఉక్కూ తక్కువ పడుతుంది. నాన్నగారిని ఒక్కొక్కటీ లెక్కపెట్టమనండి. దారిలో మెరీనా సిటీ జంట భవనాలు కూడా చూపించండి, ఇక్కడివాళ్ళు మొక్కజొన్న కంకులంటారు. కింద 19 అంతస్తులు కార్ల పార్కింగే. అంచుదాకా నిలబెట్టిన కార్లు పడవలోంచి స్పష్టంగా కనిపిస్తాయి.

పడవ దిగాక ట్రిబ్యూన్ టవర్ గోడల దగ్గర ఆగండి. ప్రపంచంలోని ప్రసిద్ధ కట్టడాల నుంచి తెచ్చిన రాళ్ళు గోడలో పొదిగి, కింద పేర్లు చెక్కారు. తాజ్ మహల్ ముక్క కూడా ఉంది. నా మనసుకి మాత్రం ఇలా రాళ్ళు తెచ్చి పెట్టుకోవడం నచ్చదు. కానీ నాన్నగారికి వాదించడానికి మంచి విషయం. అక్కణ్ణుంచి ఉత్తరంగా క్యాబ్‌లో వెళ్తే వాటర్ టవర్. 1869లో కట్టింది, 1871 మంటల్ని తట్టుకుని నిలబడింది. పసుపుపచ్చ సున్నపురాయి కట్టడం. ఆ రాయి లెమాంట్ గనులది, లెమాంట్ పేరు గుర్తుపెట్టుకోండి.

పైకెక్కి ఊరు చూడాలంటే విల్లిస్ కన్నా, వాటర్ టవర్‌కి దగ్గర్లోనే ఉన్న పాత హాన్‌కాక్ భవనం 94వ అంతస్తు మేలని నా అభిప్రాయం. సరస్సు, ఊరు రెండూ కనిపిస్తాయి. అదీ ఖాన్ లెక్క వేసిందే. బయట గోడల మీద కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు అలంకారానికి పెట్టినవి కావు, బరువు మోస్తాయి. ముగ్గురికీ టికెట్లు దండగ అనిపిస్తే అసలు ఎక్కొద్దు. సూర్యాస్తమయానికి ఆడ్లర్ ప్లానెటేరియం దగ్గరికి కారులో వెళ్ళి సరస్సు గట్టున కూర్చోండి. ఊరంతా నీళ్ళ మీద వరసగా కనిపిస్తుంది. పార్కింగ్ తప్ప వేరే ఖర్చు లేదు.

మీ లిస్టులో ఉన్న నేవీ పియర్ పిల్లలుంటే సరదా, లేకపోతే వదిలెయ్యండి. షెడ్ అక్వేరియం కూడా అంతే. ఫీల్డ్ మ్యూజియం మాత్రం వానపడే రోజు కోసం దాచుకోండి. అక్కడ 'సూ' అనే టైరనోసారస్ అస్థిపంజరం అందరికీ తెలుసు. ఓ మూల గాజుపెట్టెలో జూలు లేని రెండు మగ సింహాలుంటాయి, వాటి దగ్గరికి వెళ్ళండి. 1898లో కెన్యాలో సావో నది మీద వంతెన కడుతున్న రైల్వే కూలీల్ని నెలల తరబడి చంపి తిన్నవి ఇవే. ఆ కూలీల్లో చాలామంది మన దేశం నుంచి ఓడల్లో తీసుకెళ్ళినవాళ్ళు. జనం సింహాల్ని చూసి ముందుకి పోతారు, ఆ మనుషుల్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. చాలా చోట్లకి కలిపి ఒకే టికెట్‌గా అమ్మే సిటీపాస్ కొనమని చాలామంది చెప్తారు. పాస్ కొంటే డబ్బు రాబట్టుకోవాలని పరుగులు పెట్టిస్తారు, పెద్దవాళ్ళతో అది వద్దు.

ఆదివారం పొద్దున్నే స్నానాలు చేసి గుడికి వెళ్ళండి. ఈ వరస కావాలనే చెప్తున్నాను, కారణం కింద చెప్తాను. వెంకన్న మొక్కు ఉంటే అరోరా బాలాజీ గుడి, తెలుగువాళ్ళ సందడి అక్కడే ఎక్కువ. మొక్కు లేకపోతే లెమాంట్‌లోని రాములవారి గుడికి ఓటేస్తాను. చిన్న గుట్ట మీద చోళుల పద్ధతిలో కట్టిన గోపురం, పక్కన గణేశ, శివ, దుర్గ గుడి, ఆవరణలో వివేకానందుడి విగ్రహం. శుక్రవారం విన్న కథ ఇక్కడ విగ్రహంగా కనిపిస్తుంది. వాటర్ టవర్‌కి రాయి వచ్చింది ఈ ఊరి నుంచే, నదిని తిప్పిన కాలువ పోయేదీ ఈ ఊరి పక్కనుంచే. వారాంతాల్లో క్యాంటీన్ ఉంటుంది, మధ్యాహ్నం అక్కడే ఇడ్లీలో పులిహోరో తినెయ్యొచ్చు.

గుడి అయ్యాక, డౌన్‌టౌన్‌కి తిరిగొచ్చే దారి కొంచెం మార్చుకుంటే ఫారెస్ట్ పార్క్. అక్కడి ఫారెస్ట్ హోమ్ శ్మశానవాటికలో మేడే అమరుల సమాధి ఉంది. శ్మశానం నుంచి గుడికి వెళ్ళమంటే అమ్మగారు ఒప్పుకోరు, అందుకే గుడి ముందు. ఆవిడకి ఇష్టం లేకపోతే కారులోనే ఉండొచ్చు, స్మారకం గేటు దాటగానే దగ్గర్లోనే ఉంటుంది, దానిదాకా కారు వెళ్తుంది. సాయంత్రం గేటు వేసేస్తారు, టైమింగ్స్ చూసుకోండి.

ఇక్కడ నాన్నగారికి మీరు కొత్తగా చెప్పేది తక్కువ, ఆయనే మీకు చెప్తారు. అయినా వరస ఇది. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం దేశమంతా సమ్మె. మే 3న మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసు కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా 4వ తేదీ రాత్రి హేమార్కెట్‌లో సభ పెట్టారు. మేయర్ కూడా వచ్చి, అంతా ప్రశాంతంగా ఉందని చూసి వెళ్ళిపోయారు. వాన మొదలై జనం పలచబడ్డాక పోలీసులు వచ్చి పొమ్మన్నారు, అప్పుడు ఎవరో బాంబు వేశారు. ఎవరు వేశారో ఈనాటికీ తేలలేదు. ఎనిమిది మందికి శిక్ష పడింది. స్పైస్, పార్సన్స్, ఫిషర్, ఏంజెల్‌లని 1887 నవంబర్ 11న ఉరితీశారు. లింగ్ ముందు రోజే జైల్లో చనిపోయాడు. మిగిలిన ముగ్గురినీ 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడిచిపెట్టారు, విచారణే అన్యాయమని రాసి మరీ. ఆయన రాజకీయ జీవితం దాంతో దెబ్బతింది. స్వామీజీ వచ్చిన ఏడాదే అది, క్షమాభిక్షకి ముందు రోజే ఈ స్మారకం ఆవిష్కరించారు.

స్మారకం మీది బొమ్మలు కంచువి. తలమీద ముసుగున్న స్త్రీ ముందుకు అడుగేస్తూ, నేలకొరిగిన కార్మికుడి తల మీద ఆకుల కిరీటం పెడుతుంటుంది. పీఠం మీద స్పైస్ ఉరికంబం ఎక్కి అన్న మాట ఉంది: ఈ రోజు మీరు నొక్కేస్తున్న గొంతుల కన్నా మా మౌనమే బలంగా పలికే రోజు వస్తుంది. పీఠం అంచున యూనియన్ బ్యాడ్జీలు, గులకరాళ్ళు, ఎండిన గులాబీలు ఎప్పుడూ ఉంటాయి, ఎవరెవరో వచ్చి పెట్టిపోతారు. దగ్గర్లోనే పార్సన్స్ భార్య లూసీ పార్సన్స్ సమాధి, కొంచెం అవతల అరాచకవాద నాయకురాలు ఎమ్మా గోల్డ్‌మన్ సమాధి. మీ నాన్నగారు పువ్వులు కావాలంటే దారిలో ఏ కిరాణా షాపులోనైనా దొరుకుతాయి, ముందే కొనుక్కోండి. బాంబు పడిన చోటు డౌన్‌టౌన్‌లో డెస్‌ప్లెయిన్స్ స్ట్రీట్‌లో ఉంది, 2004లో పెట్టిన బండి మీది మనుషుల శిల్పం గుర్తు. కానీ ఒక్కటే చూడగలిగితే ఫారెస్ట్ పార్క్ చూడండి.

తిండి గురించి. మనవాళ్ళ దుకాణాలు, హోటళ్ళు ఉన్న డెవాన్ అవెన్యూ పేరు అందరూ చెప్తారు. పటేల్ బ్రదర్స్ కిరాణా షాపు 1974లో మొదలైంది అక్కడే. కొంత భాగానికి గాంధీ పేరు, ఇంకొంత భాగానికి జిన్నా పేరు. మన దేశం నుంచి రెండు వారాల కిందటే వచ్చిన వాళ్ళకి ఆ వీధిలో కొత్తేమీ కనిపించదు, వారాంతంలో పార్కింగ్ దొరకడం కష్టం. శనివారం రాత్రి ఒక్క పూట వేడి భోజనానికి వెళ్ళొస్తే చాలు. తెలుగు భోజనం కావాలంటే ఆదివారం రాత్రికి నేపర్‌విల్, అరోరా వైపు చూసుకోండి. లోతు పళ్ళెంలో మందంగా కాల్చే ఇక్కడి డీప్ డిష్ పిజ్జా రుచి చూపించాలంటే పాలకూర వేసింది ఒకటి ముగ్గురికీ సరిపోతుంది. కాలడానికి నలభై నిమిషాల పైనే పడుతుంది, ఆకలి మొదలవక ముందే ఆర్డర్ చెయ్యండి.

కారు హోటల్ దగ్గరే వదిలేస్తే మంచిది, లేదా పార్కింగ్ యాప్‌లో ముందే బుక్ చేసుకోండి, అక్కడికక్కడ కడితే మోత మోగుతుంది. కారు సీట్ల మీద బ్యాగులు వదలొద్దు. భద్రత గురించి ఇండియా నుంచి బంధువులు భయపెట్టి ఉంటారు. పైన చెప్పిన చోట్లన్నీ పగటిపూట మామూలుగా తిరిగే చోట్లే, రాత్రి పదయ్యాక రైళ్ళు మానుకుంటే టెన్షన్ ఉండదు. పగలు మాత్రం ఒక్కసారి లూప్ రైలు ఎక్కించండి. భవనాల మధ్య రెండో అంతస్తు ఎత్తులో తిరుగుతుంది, ఆ లూప్ 1897 నుంచి నడుస్తోంది. ఎక్కే స్టేషన్‌లో లిఫ్టు ఉందో లేదో చూసుకోండి, కొన్నింటికి మెట్లే దిక్కు.

సోమవారం వెళ్ళేటప్పుడు దక్షిణంగానే పోతారు కాబట్టి జాక్సన్ పార్క్ మీదుగా వెళ్ళండి. 1893 ప్రదర్శన జరిగిన మైదానం అదే. అప్పటి ఫైన్ ఆర్ట్స్ భవనమే ఇప్పటి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం. లోపల 1944లో పట్టుకున్న జర్మన్ జలాంతర్గామి కూడా ఉంది, కానీ దానికి పూట కావాలి. మీకున్న టైములో వెనకవైపు చెరువు గట్టున నిలబడి భవనం చూసి, పక్కనున్న జపాన్ తోటలో కాసేపు నడిస్తే సరిపోతుంది.

అక్కణ్ణుంచి ఇండియానాపొలిస్ దారిలోనే, 111వ వీధి దగ్గర పుల్‌మన్ వస్తుంది. రైలు పెట్టెలు చేసే కంపెనీ 1880లలో తన కార్మికుల కోసం కట్టిన ఊరు. ఇళ్ళు, బజారు, చర్చి అన్నీ కంపెనీవే. 1893లో మాంద్యం వచ్చి జీతాలు కోశారు, ఇంటద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894లో పెద్ద సమ్మె జరిగింది, సైన్యాన్ని దింపి అణిచారు. సెప్టెంబర్ లేబర్ డేని దేశమంతటికీ సెలవుగా చేసిన చట్టం వచ్చింది ఆ సమ్మె మధ్యలోనే. మేడే పుట్టిన దేశంలో మే 1న సెలవెందుకు లేదని నాన్నగారు నిన్ననే అడిగి ఉంటారు కదా, జవాబులో కొంత ఇక్కడుంది. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది, ప్రవేశం ఉచితం. గడియారం గోపురం ఉన్న భవనంలో విజిటర్ సెంటర్ పెట్టారు. అది వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, సోమవారం ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. మూసి ఉన్నా ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలు కారులో కూర్చునే చూడొచ్చు, అమ్మగారు దిగక్కర్లేదు. అరగంట చాలు, తర్వాత 94వ నంబరు హైవే ఎక్కి 65వ నంబరు హైవే పట్టుకోండి.